మామగారికి నేను తమ్ముణ్ణయిన వైనం

మా మామగారు ఇప్పుడు నన్ను "తమ్మీ" అని పిలుస్తున్నారు. నవ్వకండి, ఈ చుట్టరికం కలిపింది నేను రాసిన కోడే!

పోయిన వారం గోపన్‌పల్లిలో మా కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. మా ఆవిడ స్వప్న ముందే వార్నింగ్ ఇచ్చింది. "మా నాన్నను నువ్వే ఫోన్ చేసి పిల్వాలె. పెండ్లిల మీవాళ్లు సరిగ్గ పలకరియ్యలేదని ఇప్పటికీ మనసుల పెట్టుకున్నడు. ఈసారి మర్యాద తప్పితే గడప తొక్కడు, చెప్తున్న!"

ఆయనది నానక్‌రామ్‌గూడ. గొంతు పెద్దది. క్లయింట్ మీద అరవగలను కానీ ఆయన నంబరు మాత్రం నొక్కి, రింగయ్యేలోపే కట్ చేసేస్తాను. అయినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, నాకు ఫోన్లేంటి? పేర్లు, వరసలు ఎక్సెల్‌లో కొడితే చాలు, నా స్క్రిప్ట్ ఒక్కొక్కరికీ విడివిడిగా ఆహ్వానపత్రిక తయారుచేసి వాట్సాప్‌లో పంపేస్తుంది. ఎంత తెలివో!

వరసలు నాకు తెలిసి చస్తే కదా. కూకట్‌పల్లి వెళ్లి అమ్మను అడిగాను. ఆవిడ బీరకాయలు చెక్కు తీస్తూ గడగడా చెప్పింది, నేను టకటకా కొట్టాను. ఫాంట్ చూశాను, బోర్డర్ చూశాను, రన్ కొట్టాను. అన్నీ వెళ్లిపోయాయి!

కాఫీ తాగేలోపే బాబాయి ఫోన్. "ఒరేయ్, నేను నీకు మరిదిని ఎప్పుడయ్యానురా?"

నాకు అర్థమయ్యేసరికి కాఫీ చల్లారింది. అమ్మ చెప్పింది తనకు ఎవరు ఏమవుతారో! కార్డు కింద పేరేమో నాది. గబగబా మామగారి కార్డు తెరిచాను. అమ్మ వియ్యంకుణ్ణి అన్నయ్య గారూ అంటుంది కదా, అదే వెళ్లింది. "పూజ్యులైన అన్నయ్య గారూ, వదిన గారితో సహా తప్పక రావాలి." పక్కన నీలం టిక్కులు!

స్వప్న కార్డు చదివి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మా నాన్న నీకు అన్న అయితే నేనేమైతనో తెలుస్తుందా నీకు?"

వెంటనే మామగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాయి, వ్రతం మొదలైంది. స్వప్న చూపు మాత్రం లిఫ్ట్ వైపే. నాకు సిగ్గేసింది. ఒక్క ఫోన్ చేసుంటే పోయేదేముంది?

లిఫ్ట్ తెరుచుకుంది. తెల్ల పంచెలో మామగారు, వెనక అత్తగారు! పరుగెత్తి కాళ్ల మీద పడ్డాను.

"ఏంది తమ్మీ, అన్నను గిట్లనే బయట నిలబెడతవా?"

హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది స్వప్నే, కళ్లు తుడుచుకుంటూ. మామగారు నేరుగా బాల్కనీ ఉన్న పెద్ద బెడ్‌రూమ్‌లోకి వెళ్లి బ్యాగ్ పెట్టేశారు. "ఇంటికి పెద్దోణ్ణి గద, గీ రూము నాదే."

వారమైంది. అన్నయ్య గారూ వదిన గారూ ఇంకా ఆ గదిలోనే ఉన్నారు. నేను హాల్లో చాప మీద. నిన్న బుద్ధిగా స్క్రిప్ట్ సరిచేసి, "పూజ్యులైన మావయ్య గారికి" అని కొత్త కార్డు పంపాను. పక్క గదిలోంచే రిప్లై వచ్చింది.

"పాతదే మంచిగుంది తమ్మీ."