బంకర్ కప్పు మీద మూడు దెబ్బలు

మధ్యాహ్నం రెండు ఇరవైకి పోస్టు చేరాను. వీపున ఇరవై ఎనిమిది కిలోలు. మోకాలి లోతు మంచు. చలి ఎంతంటే, పొద్దున ఎనిమిది దాటితే గాని గడ్డకట్టిన నా మీసం నా మాట వినేది కాదు. ఎదురుగా పక్క దేశం బంకర్. మనం తుమ్మితే వాళ్లు 'చిరంజీవ' అనేంత దూరం.

మా బంకర్‌లో ముగ్గురం. మన తెలంగాణలోని జైపూర్ హవల్దార్, కొత్తగూడెం రేడియో ఆపరేటర్, గోదావరిఖని నేను. ఆ సాయంత్రమే వార్తల్లో చెప్పారు: రెండు దేశాలనూ కలిపి ఒక్కటి చేయాలని పెద్దలు ఆలోచిస్తున్నారట.

"ఒక్కటైతరా? అయితే ఇయ్యాల సంది డబుల్ పహరా," అన్నాడు హవల్దార్.

మర్నాడు ఉదయం ఐదున్నర. కర్రతో కప్పు దుంగలను మూడుసార్లు కొట్టాను. మా నాయన ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో పనిచేశాడు. ఏ కప్పు కిందైనా కూర్చునే ముందు కొట్టి వినాలన్నది మా ఇంటి చదువు. ఖంగుమంటే కూర్చో. బోలుగా పలికితే లేచిపో.

అవతలి బంకర్ నుంచీ మూడు దెబ్బలు వినిపించాయి.

"ఎవనికిరా సైగ?" అన్నాడు హవల్దార్.

"కప్పుకు, సాబ్."

"మన కప్పును కొడితే వాళ్ల బంకర్ కెల్లి జవాబొస్తదా?"

"విలీనం షురువైనట్టుంది సాబ్," అన్నాడు ఆపరేటర్.

కర్ర జప్తు. నా మీద రిపోర్టు. నాలుగు రోజులు నా రొట్టెలను కూడా హవల్దార్ చించి చూశాడు, లోపల చీటీ ఉందేమోనని.

ఐదో రోజు ఉదయం ఆరింటికి గరిటెతో కొట్టాను. సరిగ్గా హవల్దార్ మంచం పైనే బోలు చప్పుడు.

"సాబ్, జల్ది బయటికి రాండ్రి. కప్పు కూలుతది!"

"నన్ను బయటికి గుంజి వాళ్లకు అప్పజెప్తవా? రాను పో."

దుంగ కిర్రుమంది. ఆపరేటర్ సెట్టు చెవికి పెట్టుకుని నిలువునా అబద్ధమాడాడు: "సాబ్, మేజర్ సాబ్ మెట్లకాడికొచ్చిండు!"

హవల్దార్ టోపీ పట్టుకుని బయటికి ఒక్క దూకు దూకాడు, వెనకే మేమిద్దరం. ఆరూ పదికి కప్పు అతని మంచం మీద పడింది. నా లెక్కన రెండు లారీల మంచు. ఆపరేటర్ లెక్కన ఒకటిన్నర.

తొమ్మిది నెలలకు గోదావరిఖనికి తిరిగొచ్చాను. దేశాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేనిప్పటికీ ఎవరింటికెళ్లినా కప్పు కొట్టాకే చాయ్ తాగుతాను.

కప్పు కూలిన ఆ ఉదయం, చప్పుడుకు అవతలి సైనికుడు బయటికొచ్చాడు. మా గోతిని చూశాడు. తుపాకీ పక్కన పెట్టి, కర్రతో తన కప్పును మూడుసార్లు కొట్టాడు. వాడూ గని మనిషి కొడుకేనా, నా 'కోడ్' పట్టడానికి వచ్చినవాడా? ఆ అనుమానం ఇంకా తీరలేదు.

"సూడు, మళ్ల సైగ జేస్తున్నడు!" అని హవల్దార్ గొణిగాడు.

అవతలివాడు తల పక్కకు వంచాడు. వినాలి, చప్పుడు చేయకండని మా వైపు చేయెత్తాడు.

ముగ్గురం నోరు మూశాం. హవల్దార్ కూడా.