ఇంగ్లండు మేడలో గుండ్రటి కిటికీ

మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో నేను పనిచేసిన ఇంటి మేడమ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. ఆమె అలమరలో ఇంగ్లండులోని ఒక పాత దొరల మేడ గురించి పెద్ద బొమ్మల పుస్తకం ఉండేది. దుమ్ము తుడవడానికి తీసి, దానికి అతుక్కుపోయాను. మేడమ్ నా ఆశ కనిపెట్టి, చేతులు కడుక్కుని చూసుకోమంది. అది 2008. నాకు ఇరవై రెండేళ్లు.

వంట చేసే అక్కది కోనసీమ. చదువు రాదు. మధ్యాహ్నం అంట్లు తోమాక బయటి వంటగదిలో కూర్చుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ఆమెకు చెప్పేదాన్ని. ముందువైపు స్తంభాలు, కుడిఎడమల ఒకే కొలతలో కిటికీలు, రెండంతస్తుల ఎత్తు హాలు. వీటికి ఊఁ కొట్టేది, అంతే. ఇంటి ప్లాను ఉన్న పేజీ దగ్గర మాత్రం ఆగమంది. హాల్లో గోడలాగే కనిపించే చెక్క తలుపు ఒకటుందనీ, దాని వెనక పనివాళ్లు దొరల కంటపడకుండా తిరగడానికి ఇరుకు మెట్లున్నాయనీ చెప్పాను.

“మనం తొక్కితే మంచి మెట్లు అరిగిపోతాయని కాబోలు,” అంది. నవ్వితే ఆమెకు దగ్గొచ్చేది.

ఆ మెట్లు పైకప్పు కింద పనమ్మాయిల గదులకు చేరేవి. ముందునుంచి చూస్తే పిట్టగోడ ఆ గదులను దాచేస్తుంది. వెనకవైపు గదికొక గుండ్రటి కిటికీ. అక్క దానిమీద పెట్టిన వేలు తీయలేదు. ఊళ్లో అప్పుడే ఆమె ఇంటి గోడలు లేస్తున్నాయి.

“హాలు నాకెందుకే పిల్లా. ఈ కిటికీ గీసియ్యి. మా మేస్త్రీకి చూపిస్తాను.”

డైరీలో కాగితం చించి మొదలుపెట్టాను. వంపు కుదరలేదు. టీ గ్లాసు బోర్లించి గీయమని అక్కే చెప్పింది. ఈలోగా ఆమెకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు ఇక పని చేయకూడదన్నాడు. మేడమ్ టికెట్ తీసింది.

వెళ్లేరోజు మేడమ్ అక్కను లోపలికి పిలిచింది. నేను కాగితం మడిచి పట్టుకుని వెనక గేటు దగ్గర నిలబడ్డాను. మేము వచ్చేదీ పోయేదీ అటే. ముందు తలుపు అతిథులది. రెండేళ్లలో మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు.

కారు చప్పుడు ముందువైపునుంచి వినిపించింది. ఇంటి పక్కనుంచి పరుగెత్తేసరికి కారు మలుపు తిరుగుతోంది. మేడమ్ ఆమెను చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచే తీసుకెళ్లి, తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుందట. అక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిందని సాయంత్రం మేడమే చెప్పింది.

కాగితం పోస్టులో పంపాలంటే అడ్రసు కావాలి. అక్క ఇచ్చిన నంబరుకు ప్రతి శుక్రవారం ఫోన్ చేశాను. నాలుగో వారం వాళ్లమ్మాయి ఎత్తింది. నేనెవరో చెప్పాను.

“అమ్మ పోయి పన్నెండు రోజులైందండి. గోడలో ఒక చోట మేస్త్రీ చేత ఖాళీ వదిలించింది. మీ దగ్గర్నుంచి బొమ్మ వస్తుందంది. ఎంత వెడల్పు పెట్టమంటారండీ?”

పుస్తకంలో ఆ కొలత లేదు. నా ముందున్న కాగితం మీద ఆ కిటికీ టీ గ్లాసు మూతి అంతే ఉంది.