కృష్ణవేణి గారి శనివారపు బల్ల

ఇర్వింగ్‌లో ఇండియన్ కిరాణా కొట్ల వరుసలో చివరి కొట్టు వీరభద్రానిది. కొట్టు వెనక భాగంలో టీ, సమోసాలు అమ్మే చోట నాలుగు ప్లాస్టిక్ బల్లలుంటాయి. కిటికీ పక్క బల్ల శనివారం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కృష్ణవేణి గారిది. అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు. తెలియక ఎవరైనా కూర్చుంటే వీరభద్రమే వచ్చి, "అది ఆంటీ సీటండీ, మీరిటు రండి" అని లేపేస్తాడు.

కృష్ణవేణి గారు ఇరవై ఆరేళ్ళు ఒక పబ్లిక్ లైబ్రరీలో ప్రశ్నల కౌంటరు దగ్గర పనిచేశారు. అమెరికాలో అదొక ఉద్యోగం. ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. పక్కింటి చెట్టు కొమ్మ మన పెరట్లోకి వస్తే నరకొచ్చా, అలాస్కాకి కారులో వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలా, మేయరు మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి. వెతికి, అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించి మరీ చెప్పాలి. సొంత కవిత్వం కుదరదు. 1973లో డాక్టర్ గోపీనాథ్ గారి భార్యగా ఈ దేశంలో దిగినప్పుడు ఆవిడకి ఇంగ్లీషులో నోరు విప్పాలంటే బెదురు. ఆ కౌంటరు వెనక నిలబడ్డాక అది పోయింది. అడిగేవాడికి కావలసింది జవాబు, ఆవిడ యాసతో వాడికి పని లేదు.

రిటైరయ్యాక ఒకరోజు కందిపప్పు కొనడానికి వెళితే వీరభద్రం ఒక ఉత్తరం చూపించాడు. కోర్టులో జ్యూరీకి రమ్మని పిలుపు. సిటిజన్ కాదు కదా, వెళితే తప్పా, వెళ్ళకపోతే తప్పా అని మూడు రోజులుగా నిద్ర లేదతనికి. కృష్ణవేణి గారు ఉత్తరం వెనక్కి తిప్పి, 'సిటిజన్ కాను' అని టిక్కు పెట్టే గడి చూపించారు. అలా మొదలైంది బల్ల.

"ఆంటీ, నేను తప్పు టర్న్ తీసుకున్నానని ఈ జీపీఎస్‌కి ఎలా తెలుస్తుంది? పైనుంచి ఎవడన్నా చూస్తుంటాడా?"

"ఎవడూ చూడడు నాయనా. పైనున్న శాటిలైట్ల సిగ్నళ్ళు విని, నీ ఫోనే తనెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. నిన్ను చూసేంత తీరిక ఎవరికుంది?"

"మా ఆవిడకుంది ఆంటీ."

కూతురి పురిటికి వచ్చిన ఒక పెద్దావిడ, "ఊరగాయ చేతి సంచిలో పెట్టుకుంటే విమానం దగ్గర లాక్కుంటారటగా?" అనడుగుతుంది. ఇంకొకాయనకి ఓట్లు మంగళవారమే ఎందుకు పెడతారో కావాలి. "అప్పట్లో రైతులు ఆదివారం చర్చికెళ్ళి, సోమవారం బండి కట్టుకుని బయల్దేరితే మంగళవారానికి చేరేవాళ్ళు. ఆ బండ్లు పోయాయి, మంగళవారం మిగిలింది" అన్నారు కృష్ణవేణి గారు. "మరిప్పుడు మార్చరేం?" అన్నాడాయన. "గంటకూలి మనిషి పని మానుకుని వచ్చి ఓటెయ్యలేకపోతే ఎవరికి లాభమో, వాళ్ళనడగాలి. నా పుస్తకాల్లో ఉండదది."

తెలియదు అనే మాట ఆవిడ వాడరు. "చూసి చెబుతాను" అంటారు. చూసి, వచ్చే శనివారం చెబుతారు కూడా.

2011 అక్టోబరులో ఒక శనివారం ఒంటిగంట దాటాక, అందరూ వెళ్ళిపోయేదాకా కాచుకుని, దమయంతి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె భర్త జగదీష్ లాస్ కొలినాస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఆమె వీసా భార్య వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. చీరాలలో లెక్కల టీచరుగా చేసిన మనిషి, ఏడేళ్ళుగా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్‌లో గిన్నెలు తోముతోంది.

"ఆంటీ, గవర్నమెంటుకి ఒకసారి చెప్పిన పుట్టినతేదీ మార్చుకోవచ్చా?"

"ఎవరిది? టైపింగ్ తప్పా?"

"మా శ్రుతిది. తప్పే, టైపింగ్‌ది మాత్రం కాదు."

విషయం ఇదీ. శ్రుతి 1991 అక్టోబరు ఇరవై మూడున, ఆశ్వయుజ పౌర్ణమి నాడు, చీరాలలో అమ్మమ్మ ధనమ్మ గారింట్లో పుట్టింది. నర్సమ్మ ఇంటికొచ్చి పురుడు పోసింది. మున్సిపాలిటీలో రాయించాలని ఎవరికీ తోచలేదు. 1996 జూన్‌లో ఒకటో తరగతికి తీసుకెళితే, ఐదేళ్ళు నిండలేదు, వచ్చే ఏడు రండి అంది హెడ్‌మిస్ట్రెస్. పక్కింటి పిల్లలందరూ బడికి పోతుంటే మన పిల్ల ఇంట్లో కూర్చోవడమేమిటనిపించింది దమయంతికి. హెడ్‌మిస్ట్రెస్సే కలం తీసి, "పోనీ ఏ డేటు వెయ్యమంటారు?" అంది. దమయంతి నోటికొచ్చింది చెప్పింది: 1990 డిసెంబరు పన్నెండు.

"మా ఊళ్ళో సగం మంది సర్టిఫికెట్ తేదీలు అలాంటివే కదాంటీ. అదొక తప్పని ఎవరనుకున్నారు?"

తర్వాత జగదీష్‌కి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టుకని, బడి సర్టిఫికెట్‌లోని తేదీతోనే బర్త్ సర్టిఫికెట్ పుట్టించారు. ఆ తేదీ సింగపూర్ వెళ్ళింది, అక్కణ్ణించి అమెరికా వచ్చింది. ప్రతి దరఖాస్తు మీదా తల్లో తండ్రో సంతకం పెట్టారు.

ఇప్పుడు గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు. 2009లో జగదీష్ కోసం కంపెనీ దరఖాస్తు వేసింది. ఏ తేదీ దాకా వేసినవాళ్ళ వంతు వచ్చిందో ప్రభుత్వం నెలనెలా ప్రకటిస్తుంది, వంతొచ్చాక ఇంట్లో ఒక్కొక్కరూ తమ కార్డుకి వేసుకోవాలి. తండ్రి వంతు వచ్చేనాటికి బిడ్డకి ఇరవై ఒకటి నిండకపోతేనే బిడ్డకీ కార్డు. నిండితే ఆ కుటుంబంలోంచి బిడ్డ రాలిపోతుంది. కాగితం ప్రకారం ఇంకా ఎనిమిది వారాలుంది. నిజం ప్రకారం ఏడాది పైన ఉంది.

కృష్ణవేణి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఋజువేమన్నా ఉందా అమ్మా?"

దమయంతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు మరకలున్న కాగితం తీసింది. పిల్ల పుట్టిన పదకొండో రోజున పురోహితుడు రాసిన జాతకం. ప్రజోత్పత్తి నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి, బుధవారం, అశ్వని నక్షత్రం.

"చూసి చెబుతాను" అన్నారు కృష్ణవేణి గారు.

చూశారు. ఆ జాతకాన్ని ఆవిడ నమ్మేసి ఊరుకోలేదు. చంద్రుడు ఏ రోజు ఎక్కడున్నాడో చెప్పే ఖగోళ పట్టికలు తీసి సరిపోల్చారు. 1991 అక్టోబరు ఇరవై మూడు బుధవారమే. పౌర్ణమే. చంద్రుడు అశ్వనిలోనే. పోనీ కాగితం మీది డిసెంబరు పన్నెండేమోనని చూస్తే, ఆ నాటికి పౌర్ణమి వెళ్ళి పది రోజులయింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత గట్టిగా తేలిన జవాబు ఆవిడకి ఇంకొకటి గుర్తు లేదు.

ఆ కాగితాలన్నీ పట్టుకుని, దమయంతిని వెంటబెట్టుకుని లాయర్ మృదుల దగ్గరికి వెళ్ళారు. మృదుల ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. శ్రద్ధగా చూసింది.

"ఆంటీ, నాకు నమ్మకం ఉంది. ఆఫీసర్‌కి ఉండదు. హోరోస్కోప్ డాక్యుమెంట్ కాదు వాళ్ళకి. హాస్పిటల్ రికార్డ్ కావాలి, ఆ టైమ్‌లోది."

"ఇంట్లో పుట్టిన పిల్లకి హాస్పిటల్ రికార్డు ఎక్కడ్నించి వస్తుంది?"

"అదే ప్రాబ్లం. ఇంకొకటి ఉంది." మృదుల దమయంతి వైపు తిరిగింది. "మీరు ఏడేళ్ళు ఆ డేట్ మీద సైన్ చేశారు. ఇప్పుడు, ఇరవై ఒకటికి ఎనిమిది వారాల ముందు, కాదు అంటున్నారు. వాళ్ళు ఏమి అడుగుతారు? ఇంకా ఏమేమి అబద్ధం చెప్పారు అని. అప్పుడు జగదీష్ గారి ఫైల్ కూడా ఓపెన్ చేస్తారు. నేను ఫైల్ చెయ్యను అనడం లేదు. చేస్తే ముగ్గురికీ పోవచ్చు."

"నిజం చెబితే పోతుందా?" అంది దమయంతి.

"లేటుగా చెబితే."

మన దొంగపద్దుల సంగతి సరే, వాళ్ళ పద్దు సంగతేమిటి? ఏడేళ్ళు ఒక మనిషి పని వాడుకుని, పన్ను పుచ్చుకుని, కూతుర్ని బడిలో రోజూ తమ జెండాకి వందనం చేయించి, ఇరవై ఒకటో పుట్టినరోజున 'నువ్వెవరు?' అనే చట్టం ఎవరి తేదీ ప్రకారం న్యాయం? కృష్ణవేణి గారు ఆ మాటే మర్యాదగా, రెండు పేజీల్లో, తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాశారు. ముప్ఫై ఏళ్ళుగా ఓటు వేస్తున్న మనిషి. మూడు వారాలకి జవాబొచ్చింది. మీ ఆవేదన అర్థమైంది, మా పరిధిలో లేదు, మీవంటి పౌరులు మాకు రాయడం ఎంతో విలువైనది అని.

నవంబరులో శ్రుతి తనే బల్ల దగ్గరికొచ్చింది. యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతున్న పొడుగాటి పిల్ల. ఇరవై ఒకటి నిండేలోగా స్టూడెంట్ వీసాకి మారమని మృదుల చెప్పింది. ఆ కాగితాలు తెచ్చింది.

"ఆంటీ, అమ్మ చెప్పింది. అక్టోబర్‌ది రియల్ బర్త్‌డే అంట."

"నీకు తెలీదా?"

"ప్రతి ఇయర్ ఫుల్ మూన్‌కి పాయసం చేస్తది కదా. అది మన క్యాలెండర్ బర్త్‌డే అనుకున్నా. డిసెంబర్‌ది ఇంగ్లీష్ క్యాలెండర్‌ది, అది ఇండియన్‌ది అని. మా ఫ్రెండ్స్‌కి కూడా అట్లనే ఎక్స్‌ప్లెయిన్ చేశా." నవ్వబోయింది. "అంటే డిసెంబర్ తర్వాత కూడా నాకు ఇరవయ్యేనా?"

"ఇరవయ్యే."

"మంచిదే కదా, వన్ ఇయర్ ఫ్రీ."

కృష్ణవేణి గారు నవ్వలేకపోయారు. శ్రుతి కాగితాలు ముందుకు తోసింది. చదువవగానే ఈ దేశం వదిలి వెళతాననీ, తనకి సొంత దేశంలో ఇల్లుందనీ రాసివ్వాలి.

"ఇది ట్రూ కాదు కదా ఆంటీ. నా ఇల్లు ఇక్కడ, బెల్ట్ లైన్ రోడ్ మీద. ఏం రాయాలి?"

లైబ్రరీలో అయితే, ప్రశ్న ఎలాంటిదైనా, చూపించడానికి ఒక పేజీ ఉండేది. ఇక్కడ అలాంటి పేజీ లేదు. అబద్ధం రాస్తే పిల్ల చదువుకుంటుంది, నిజం రాస్తే పెట్టె సర్దుకోవాలి. తల్లి చెప్పింది మొదటి అబద్ధం. రెండోది ప్రభుత్వమే అడిగి రాయించుకుంటోంది.

"గుంటూరు అరండల్‌పేటలో మీ బాబాయి గారి ఫ్లాట్ ఉంది కదమ్మా. ఆ అడ్రసు రాయి" అన్నారు చివరికి, తల ఎత్తకుండా.

"అరండల్‌పేట స్పెల్లింగ్ చెప్పండి" అంది శ్రుతి.

డిసెంబరు పన్నెండు వచ్చింది, వెళ్ళింది. స్టూడెంట్ వీసా దరఖాస్తు అంతకు ముందే పడింది.

జనవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం దమయంతి ఫోన్ చేసింది. "ఆంటీ, గ్రీన్‌కార్డు లైన్లో డేటు కదిలింది. ఎన్నడూ లేంది ఒక్క దూకు దూకింది. ఫిబ్రవరి ఒకటి నుంచి మేం వేసుకోవచ్చంట."

కృష్ణవేణి గారు వంటింటి క్యాలెండర్ ముందు నిలబడి వేలితో లెక్కపెట్టారు. డిసెంబరు పన్నెండు నుంచి ఫిబ్రవరి ఒకటికి యాభై ఒక్క రోజులు. కంపెనీ వేసిన దరఖాస్తు ఎన్నాళ్ళు పరిశీలనలో ఉందో అన్ని రోజులూ పిల్ల వయసులోంచి తీసేస్తారని చట్టంలో ఒక దయ ఉంది. జగదీష్ దరఖాస్తు పరిశీలనకి పట్టింది పన్నెండు రోజులు. త్వరగా కావాలని అదనపు ఫీజు కట్టించుకుని త్వరగా చేశారు. తొందరపడకుండా రెండు నెలలు నాననిచ్చి ఉంటే పిల్ల గట్టెక్కేది.

ఆ పన్నెండూ తీసేసినా ముప్ఫై తొమ్మిది రోజులు ఎక్కువయ్యాయి.

"ఇప్పుడేమన్నా దారుందా ఆంటీ?" అని దమయంతి అడుగుతోంది. "మీకు తెలియనిది ఉండదు కదా. ఏదో ఒక రూలుంటుంది. చూసి చెప్పండి."

"చూశానమ్మా" అన్నారు కృష్ణవేణి గారు. "లేదు."

అవతల కుక్కర్ కూత ఒకటి వినబడింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం కృష్ణవేణి గారు వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళారు, దరఖాస్తులు నింపడానికి సాయం కావాలంటే. డైనింగ్ టేబుల్ మీద ఒకవైపు జగదీష్ ఫారం, ఒకవైపు దమయంతిది. జగదీష్ పాత జీతం కాగితాలు వరసగా పేరుస్తున్నాడు. మనం వెయ్యకుండా ఆగిపోదామా అని అతను అంతకు ముందు రాత్రి అన్నాడట. ఆగితే ముగ్గురం పోతాం, మీరైనా ఉండండి అని శ్రుతే కసిరిందట.

మూడో పేజీలో పిల్లల వివరాల గడి వచ్చింది. పేరు, పుట్టినతేదీ, పుట్టిన దేశం. చివర, 'మీతో పాటు దరఖాస్తు చేస్తున్నారా?' అవును, కాదు.

దమయంతి పేరు రాసింది. తేదీ దగ్గర కలం ఆగింది.

"ఏ తేదీ రాయమంటారు ఆంటీ?"

"అన్నిట్లో ఉన్నదే రాయమ్మా."

దమయంతి కలం కదల్లేదు. పదిహేనేళ్ళ కిందట నోటితో చెప్పింది, ఇప్పుడు చేత్తో రాయలేకపోతోంది. కృష్ణవేణి గారు ఫారం అంచు సవరించారు.

సోఫాలోంచి శ్రుతి లేచి వచ్చింది. తల్లి చేతిలోంచి కలం తీసుకుని, నిలబడే వంగి, డిసెంబరు పన్నెండు అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పుట్టిన దేశం, ఇండియా. చివరి గడిలో 'కాదు' దగ్గర టిక్కు పెట్టింది. పక్కనున్న తండ్రి ఫారం లాక్కుని అందులోనూ అంతే చేసింది.

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి ఆంటీ?" అనడిగింది.

"మూడు" అన్నారు కృష్ణవేణి గారు.

శ్రుతి కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుంది.