ఉప్పుచేపల నీళ్ళు తాగిన ఆనపపాదు

ఆ ఏడు వానలకు ముందు మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, విజయనగరం దగ్గరి పల్లె నుంచి కిరందూల్ లైన్లోని మా రైల్వే క్వార్టర్‌కి వచ్చేశారు. మా చుట్టూ వినపడేవి హిందీ, అక్కడి అడవి పల్లెల హల్బీ భాష. ఆవిడకు రెండూ రావు. గుమ్మంలో కూర్చుని ఇనుపరాయి మోసుకెళ్ళే గూడ్సుబండ్లు చూసేవారు.

"ఏటి సెయ్యను? నాను మాటాడితే ఈ ఊర్లో ఎవులికీ తెలీదు" అనేవారు.

గీదం సంతలో కొన్న ఆనపగింజలు పెరట్లో పాతాక మనిషి మారిపోయారు. తీగ పందిరెక్కింది, పిందెలు పట్టింది. మా చర్చిలో కోతపండుగనాడు ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవునికి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు.

"తొలికాయ నానే అట్టుకెల్తాను. ఉత్తిసేతుల్తో వెళ్ళి ఓ మూల కూకోడం నా వల్ల కాదు" అన్నారు.

పండుగ దగ్గరపడుతుండగా, ఒక మధ్యాహ్నం పాదు వాలిపోయింది. మట్టి తడిగానే ఉంది. ఆకులు మాత్రం తడిబట్టల్లా వేలాడుతున్నాయి. "దప్పికేసినట్టుంది" అంటూ అత్తయ్య ఇంకో చెంబు తెచ్చారు. చెంబులోంచి వాసన వచ్చింది.

"ఇవేం నీళ్ళు అత్తయ్యా?"

"ఉప్పుసేప నానబెట్టిన నీల్లు. మా ఊర్లో సేపలు కడిగిన నీల్లే పోస్తాం. పాదుకి బలం."

వాళ్ళ ఊర్లో కడిగేవి సముద్రం నుంచి అప్పుడే వచ్చిన పచ్చిచేపలు. ఆవిడ మూటకట్టి ఇక్కడికి తెచ్చినవి ఉప్పులో ఎండినవి. నేను చెంబు పక్కన పెట్టి, పాదు గట్టుకు గండి కొట్టి, బాల్చీతో మంచినీళ్ళు పోయడం మొదలుపెట్టాను.

"ఇప్పుడే కదే పోసినాను. ఏర్లు కుల్లిపోతాయి, ఒగ్గెయ్."

అప్పుడు మా అమ్మ మూడు గిన్నెలు గుర్తొచ్చాయి. నాన్న ఉద్యోగం ఎప్పుడూ బడి లేని చిన్న స్టేషన్లలో కావడంతో అమ్మే నాకు బడి. అత్తయ్యను వంటింట్లోకి తీసుకెళ్ళి, అమ్మ చేసినట్టే బంగాళాదుంప చక్రాలు తరిగాను. ఒక గిన్నెలో మంచినీళ్ళు, ఒకదాంట్లో కాస్త ఉప్పు, ఇంకోదాంట్లో గుప్పెడు ఉప్పు. పొయ్యి మీది కూర పూర్తయ్యేలోగా గుప్పెడు ఉప్పులోని ముక్క మెత్తబడి వంగిపోయింది. మంచినీళ్ళలోది బిర్రుగా ఉంది. కాస్త ఉప్పులోది మొదట ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇదేటి, గుడ్డపేలికలాగైపోనాది?"

"ముక్క నిండా కంటికి కనపడని గదులుంటాయి అత్తయ్యా. వాటి చుట్టూ ఉన్న పొర నీళ్ళను పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా పోనివ్వదు. బయట ఉప్పెక్కువైతే లోపలి నీళ్ళు బయటికొచ్చేస్తాయి. బయట మంచినీళ్ళుంటే లోపలికెళ్ళి గది బిగుస్తుంది. రెండు పక్కలా సమానమైతే, ఎంత పోతే అంత వస్తుంది."

అత్తయ్య మెత్తటి ముక్కను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పారు.

"అంటే నీల్లు పోసినాననుకున్నాను గానీ, దాని ఒంట్లోవి లాగీసినానన్నమాట."

"మీరు ప్రేమతోనే పోశారు కదా."

"పేమకేటిలే. బాల్చీ ఇలాగియ్యి."

ఉప్పంతా గండిలోంచి కొట్టుకుపోవాలని ఇద్దరం చీకటి పడేదాకా పోశాం. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్తయ్య నోట కొడుకైన మా ఆయన పేరు కన్నా ముందు ఆనపపాదు పేరొచ్చింది. ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశారు. నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తెల్లారి చూస్తే ఆకులు లేచి నిలబడ్డాయి. దేవునికి వందనాలు చెప్పుకుంటూ, అమ్మను, ఆ మూడు గిన్నెల్ని కూడా అందులో చేర్చాను. పెద్ద పిందెలు రాలిపోయాయి. అన్నిటికన్నా చిన్నది మిగిలింది.

పండుగనాటికి అది చెంబంతే అయింది. అయినా అత్తయ్య దాన్ని కొంగులో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు చర్చికి తెచ్చారు. వేలంపాటలో దాన్ని పాడుకున్న ఒడియా ఆవిడ నేరుగా అత్తయ్య దగ్గరికొచ్చి, ఎలా వండాలని హిందీలో అడిగింది. అర్థం చెబుదామని నేను నోరు తెరిచేలోగా, అత్తయ్య వేలికొసతో ఉప్పు కొలత చూపించి, వచ్చీరాని హిందీలో అన్నారు:

"నమక్... థోడా. థోడా."

ఆవిడ పకపకా నవ్వి, బెంచీ మీద జరిగి చోటిచ్చింది. అందరూ వెళ్ళిపోతున్నారు. నేను చెప్పులేసుకుని, "వెళ్దాం రండి అత్తయ్యా" అని పిలిచాను.

"ఉండవే," అన్నారు అత్తయ్య, నా వైపు చూడకుండానే. "మాటాడుకుంతన్నాం."