ద్రాక్షపుల్ల పరీక్ష

2011లో నాకు ఉద్యోగం కొత్త. ద్రాక్ష తెగుళ్లను బొమ్మలతో చూపే మొబైల్ యాప్ తయారుచేశాను. బొమ్మ పెద్దది కావాలంటే తెర మీద రెండు వేళ్లు పెట్టి విడదీయాలి. మేనేజర్‌తో కలిసి దాన్ని రైతులకు చూపించడానికి అలియాబాద్‌లోని ఒక తోటకు వెళ్లాను. వాళ్లు బాగుందంటేనే పని ముందుకు సాగుతుంది.

తోట యజమాని యాసీన్ చాచా తన చవక టచ్ ఫోన్ ఇచ్చాడు. యాప్ ఎక్కించి రెండు వేళ్లు పెట్టాను. బొమ్మ పెద్దది కాలేదు సరికదా, అటూ ఇటూ ఎగిరింది. ఆ తెరకు ఒకసారికి ఒక్క వేలే తెలుస్తుందట! రైతులంతా నవ్వారు. ఉక్రోషం పట్టలేక, "మీ ఫోన్ పనికిరాదు చాచా" అనేశాను.

ఆయన కోప్పడలేదు. కత్తిరించి పడేసిన ద్రాక్షపుల్ల తీసి, మొనతో తెరను చకచకా ఒత్తాడు. ఒత్తిన చోటల్లా పలికింది.

"చేతులకు మందు అంటుకొని ఉంటది బేటీ. గందుకే పుల్లతోటి ఒత్తుత. నీ ఫోన్ గిట్ల ఇంటదా?"

వేలు తగిలితేనే పనిచేసే నా ఖరీదైన ఫోన్‌ను పుల్లతో ఎంత పొడిచినా ఉలకలేదు, పలకలేదు.

"రెండు వేళ్లెందుకు? ఒక్క బటన్ పెట్టు. ఒత్తితే బొమ్మ పెద్దగ గావాలె. అందరి ఫోన్లల్ల నడుస్తది" అన్నాడు.

మేనేజర్ నా వైపు కాదు, ఆయన వైపు చూస్తూ తలూపాడు.

ఆ వారమే బటన్ పెట్టాను. ఆ పుల్ల ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఏ యాప్ చేసినా, ఒక పాత చవక ఫోన్ మీద దానితో ఒత్తి చూశాకే బయటికి పంపుతాను.

– సునీత, మేడ్చల్