మా ఇంట్లో మగవాళ్లను లేపే కట్టె

ఆ సాయంత్రం సుచిత్ర చౌరస్తాలో ఎవరిదో పెళ్లి బరాత్. మా ఆవిడ సరళను స్కూటర్ మీద ఎక్కించుకుని దేవరయాంజాల్‌లోని ఇంటికి పోతున్నాను. పక్కనే పటాకుల లడీ పేలింది. మళ్లీ చూసుకునేసరికి సరళ స్కూటర్ కింద, నేను మిర్చి బండి కింద ఉన్నాం. గుండె మేడ్చల్ రోడ్డు మీద బ్రేకులు ఫెయిలైన లారీలా పోతోంది. యుద్ధానికి పోయింది మా బాపు, అంటే మా నాన్న. నేను దోమలతో తప్ప ఎవరితోనూ పోరాడి ఎరగను.

హాస్పిటల్లో నాకు చేయని టెస్టు కాన్పుది ఒక్కటే. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ నార్మల్. పానిక్ అటాక్ కావచ్చు, సైకియాట్రిస్ట్ చూస్తారన్నారు. అబ్జర్వేషన్‌లో పెట్టారు.

పొద్దున రౌండ్స్‌కు ఆ డాక్టరమ్మ వచ్చేసరికి నిద్రలో ఉన్నాను. సరళ పక్క మంచం దగ్గరి ఖాళీ సెలైన్ స్టాండు అందుకుని, దూరంగా నిలబడి నా కాలు పొడిచింది. డాక్టరమ్మ నివ్వెరపోయింది. మా ఇంట్లో నిద్రపోయే మగవాళ్లను ముట్టుకుని లేపరనీ, ముట్టుకుంటే కొడతారనీ, అందుకు ధ్వజస్తంభానికి తమ్ముడిలాంటి కట్టె ఒకటి ఉందనీ సరళ మామూలుగానే చెప్పింది. బాపు మిలిటరీ నుంచి వచ్చిన నాటి పద్ధతి అది. మా వంశపు పౌరుషం.

డిగ్రీ చదివే మా అబ్బాయి కిరణ్ మంచం పక్కనే మీసం దువ్వుకుంటూ, "నన్ను గూడ కట్టెతోనే లేపాలె మేడమ్. మొన్న మమ్మీ ముట్టుకుంటె చెయ్యి ఇరగాల్సింది" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "యుద్ధం చూసింది ఒక్కరు. కట్టె మాత్రం ముగ్గురికి కావాల్సొచ్చింది. దీన్ని ట్రామా అంటారు, పౌరుషం అనరు."

సరళ మణికట్టు మీద కమిలిన మచ్చ. నాతో మాత్రం స్కూటర్ దెబ్బని చెప్పింది. నా నోట జోకు రాలేదు. నాకొచ్చిన అసలు మెడికల్ ఎమర్జెన్సీ అదే.

మాత్రలిచ్చారు, కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. "పిచ్చోళ్ల దవాఖానకు మొగోడు పోతడారా?" అన్నాడు బాపు. నేనూ మొగోణ్నే కదా, మాత్రలు ఆపేశాను. వినాయక నిమజ్జనం పటాకులకు ఈసారి మంచం కింద తేలాను.

అప్పుడు డాక్టరమ్మ బాపునే తీసుకురమ్మంది. ఆమె సంగతేందో చూస్తానని వచ్చాడు. గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నిద్రలో ఎవరు ముట్టుకుంటే భయమని ఆమె అడిగింది. 

"నన్నెవలు ముట్టలే. నేనే ముట్టిన" అన్నాడు బాపు. "యుద్ధంల తెల్లారి డ్యూటీ మారనీకి మా దోస్తును లేపిన. సల్లగున్నడు."

ఇంతే. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇల్లు ఈ మాట మీదే నిలబడి ఉందని నాకు తెలియదు. పక్కనున్న కిరణ్ చేయి మీసం దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు ఆ కట్టె మీద బట్టలారేస్తున్నాం. మాత్రలు బుద్ధిగా వేసుకుంటున్నాను. కిరణ్ కూడా కౌన్సెలింగ్‌కు వస్తున్నాడు. మీ ఇంట్లో మగవాడు నిద్రలో ఉలిక్కిపడి చేయి విసిరితే మురిసిపోకండి. డాక్టరుకు బీపీ, షుగర్‌తో పాటు అదీ చెప్పండి. అందాకా దూరం నుంచి పేరు పెట్టి పిలవండి.

మా కిరణ్ రోజూ గడపలో నిలబడి "తాతా" అని పిలుస్తాడు. బాపు కళ్లు తెరవకుండానే చేయి చాస్తాడు. వాడి చేయి దొరకబట్టి కాసేపు తడిమి చూసుకుంటాడు.

"ఎచ్చగున్నవ్ బిడ్డా" అని, అప్పుడు లేస్తాడు.