స్టిక్కరు దాటిన పగులు

నరసాపురం దగ్గర గోదావరి దాటించే పంటు మీద అమ్మే టీలో అల్లం ఉంటుంది, టీ ఉండదు. కారు పక్కన నిలబడి అదే తాగుతున్నాను.

ఆమధ్య రాయి తగిలి ముందద్దం సరిగ్గా నా కళ్ళకెదురుగా పగిలింది. అతికించడమా, మార్చడమా అన్నది తేలేలోగా, పగులు కనపడకుండా 'యేసే రక్షకుడు' స్టిక్కరు అంటించాను.

అది చూసి పక్కనున్న పెద్దావిడ "మీరూ మావాళ్ళేనా అండీ" అంటూ మురిసిపోయి దగ్గరికొచ్చింది. వంగి చూసింది.

"పగులు స్టిక్కరు దాటి పాకిపోయిందండి."

"అతికిస్తే సరిపోదంటారా?"

"మార్చెయ్యండి."

అక్కడే షెడ్డుకి ఫోన్ చేసి కొత్త అద్దం చెప్పేశాను. నిర్ణయం నాది కాకపోవడంతో ప్రాణం హాయిగా ఉంది.

"రోజూ ఇందులోనే పాపని బడికి దింపుతున్నానండి. ఏమీ కాలేదు" అన్నాను.

"ఇన్నాళ్ళూ దింపింది మీరు కాదండి, దేవుడు" అంది.